బొమ్మ చూడని ప్రేక్షకుడు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి రాసే జబ్బు ఉంది. చారులో ఉప్పు తగ్గితే బంగాళాఖాతం ఎండిపోయిందంటాను. మా వీధిలో దోమ కుడితే, దాని ముక్కుకు నంబరు ప్లేటు ఉందని ఒట్టేసి మరీ చెబుతాను. వృత్తిరీత్యా సూర్యాపేటలో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. దురలవాటురీత్యా ఇక్కడి వారపత్రికలో నవ్వుల కాలమ్ రాసేవాణ్ణి. మోటారు తీగ చుట్టీ చుట్టీ నా చేతికి అదే అలవాటైపోయింది, ఒక చుట్టు చాలిన చోట పది చుట్లు వేస్తుంది. కాబట్టి కింద మీసాల పొడవు, చెప్పుల చప్పుడు వంటివి వచ్చినప్పుడు సగానికి సగం తగ్గించుకుని చదువుకోండి.

మొన్న పనిమీద నేరేడుచర్ల వెళ్ళి షేర్ ఆటో దిగానో లేదో, చౌరస్తాలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించాడు. చుట్టూ పూలు, పక్కన దీపాలు, కింద దుఃఖిస్తున్న బంధుమిత్రుల ఫోటోలు. అంటే మనిషి లేడన్నమాట. ఫ్లెక్సీల్లో పోయినవాళ్ళు మామూలుగా మన కళ్ళలోకే చూస్తుంటారు. ఈయన మాత్రం పక్కకు చూస్తున్నాడు. "ఇటు చూడు పెద్దయ్యా" అని ఆ ఫోటోగ్రాఫర్ గొంతు పోయేలా అరిచి ఉంటాడు. ఫోటో తీస్తుంటే చూడటానికి ఎవరెవరు వచ్చారా అని ఈయన వాళ్ళను చూస్తూ ఉండి ఉంటాడు.

పేరు రాయను. ఆ పేరును నేను ఒకసారి పాడుచేసింది చాలు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఏ చుట్టరికమూ లేదు. ఏడాదికోసారి ఆయన బోరు మోటారు కాలేది, దాన్ని భుజాన వేసుకుని నా కొట్టుకు వచ్చేవాడు, అంతే.

మనిషి గడప దాటాలంటే గడపే కిందికి వంగేది, అంత పొడుగు. మీసాలు మునగాల దాకా ఉండేవి. గొర్ల కాపరులు తొడిగే కిర్రు చెప్పులు తొడిగేవాడు. వాటి చప్పుడు ఆత్మకూరులో మొదలైతే సూర్యాపేటలో కుక్కలు లేచి నిలబడేవి. తాతల కాలం నుంచి గొర్లు కాచిన ఇల్లు. తర్వాత కాలువ కింద నాలుగెకరాల వరి వచ్చింది, మంద చిన్నదైంది. మంద తగ్గాక ఆ కళ్ళకు పనిలేక సినిమా హాళ్ళలో పడ్డాడు.

సినిమా చూడటానికి కాదు, చూసేవాళ్ళను చూడటానికి. టికెట్టు కొన్నాక ఏ వరుసైనా సరే గోడ పక్క సీటే కావాలనేవాడు. వీపు గోడకు ఆనించి, ఒక కాలు మడిచి, తెరకు చెంప చూపించి కూర్చునేవాడు. తెర మీది వెలుగు జనం ముఖాల మీద పడుతూ పోతుంటే ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా చూసేవాడు. మొదటిసారి ఆయనతో వెళ్ళినప్పుడు మెడ పట్టేసిందేమో అనుకున్నాను.

"బొమ్మ అటున్నది మామా."

"గొర్లు కాసేటోడు గడ్డి దిక్కు చూస్తడా అల్లుడా? గడ్డి సంగతి గొర్లకెరుక. నాకు గొర్లతోటి పని."

ఈ జవాబు నాకు ఎంత నచ్చిందంటే, వచ్చే వారం కాలమ్‌లో అది నేనే అన్నట్టు రాసుకున్నాను. చదివి నవ్వాడు. "ఉంచుకో, నీకే పనికొస్తది" అన్నాడు. ఆయన మాట నేను తీసుకుంటే ఏమీ అనని మనిషి, నా మాట ఆయన నోట్లో పెట్టినా ఏమీ అనడనుకున్నాను.

హిందీ వచ్చని చెప్పుకునేవాడు. ఆ హిందీ అంతా గొర్ల అంగడిలో నేర్చుకున్నది. అంగడిలో బేరం నోటితో చేయరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. నోటితో వాడేది పొట్టేలు పళ్ళు, బరువు, రోగం, ఒట్లు, తిట్లు. కనుక ఆయనకు తెలిసిన హిందీలో లోకమంతా పొట్టేళ్ళే. తెర మీద ఏ నాయకుడు ఏం మాట్లాడినా మాకు అర్థం చెప్పేవాడు. "వయసు తప్పు చెప్తుండంటుండు. పళ్ళు చూపియ్యమంటుండు." ఒక్కోసారి ఆ అర్థమే అసలు డైలాగు కంటే కథకు దగ్గరగా ఉండేది.

పోయిన ఏడాది ఒక హిందీ సినిమా వచ్చింది. రాజకీయాలు, లంచాలు, వాటితో ఒక్కడే కొట్లాడే ఆఫీసరు. మా వైపు ఒక్కో ఊళ్ళో వారం ఆడటమే గొప్ప. మామ దాన్ని మూడు ఊళ్ళలో చూశాడు. అదే బొమ్మ ఎందుకని అడిగితే, "బొమ్మ అదే. జనం అదేనా?" అన్నాడు.

సూర్యాపేటలో నేనూ వెంట ఉన్నాను. మంత్రి, కాంట్రాక్టరు చేతులు కలిపే సీను రాగానే మామ అసంతృప్తిగా గొణిగాడు. "తువ్వాల ఏది? తువ్వాల లేకుంట బేరమేంది, ఇంత సిగ్గులేకుంట." తర్వాత హీరో నోట్ల సంచిని మంత్రి ముఖాన కొట్టాడు. హాలు లేచిపోయింది. ఈలలకు పైకప్పు రేకులు ఎగిరి మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. మామ నా మోచేయి పొడిచాడు.

"అందరికన్న గట్టిగ ఈలేసినోన్ని చూసినవా? నాలుగో లైను, గళ్ళ అంగి."

"ఎవరు మామా?"

"పింఛన్ల పైరవీలు చేస్తడు. నా కాయితం ముందుకు జరపనీకె మా ఇంట్ల కోన్ని తిన్నడు. ఆ కోడే ఇయ్యాల ఈలై బయటికొచ్చింది."

బయట యూట్యూబ్ చానెల్ వాళ్ళు మైకు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్కడూ దేశం బాగుపడాలని, ఇలాంటి సినిమాలు రావాలని, తాను మాత్రం లోపల ఏడ్చేశానని చెబుతున్నాడు. మైకు మామ మీసాల దగ్గరికి వచ్చింది.

"పెద్దయ్యా, సినిమా ఎట్లున్నది?"

"జనం మంచిగున్నరు. ఇంటర్వెల్ దాక జర సల్లగున్నరుగని, అటెన్క లేసిన్రు."

"హీరో గురించి చెప్పు."

"ఆయన్ను నేను చూడలే బిడ్డా."

కోదాడలో కూడా నేను ఉన్నాను. అక్కడ హాల్లో ఈలలు తక్కువ, బయట చర్చ ఎక్కువ. టీ బండి దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన గాజు గ్లాసు తిప్పుతూ తీర్పు చెబుతున్నాడు.

"సినిమా బానే ఉందండీ. కాకపోతే హీరో మరీ అంత నిజాయితీగా ఉంటే ఇల్లెలా గడుస్తదండీ? వాళ్ళావిడ మొహం చూశారా, పాపం."

పక్కనున్నాయన తల ఊపాడు. "మంత్రిది మాత్రం పూర్తిగా తప్పంటారా? ఎలక్షన్ ఖర్చులు ఆయనకి మాత్రం ఎవరిస్తారండీ?"

ఇంకాసేపుంటే మంత్రికి చందా వసూలు చేసేవాళ్ళే. మామ ఆ మాటలు వింటూ ఒక టీ రెండు టీలంత సేపు తాగాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అన్నాడు. "మనకాడ పౌరుషపడ్డరు. గీడ జాలిపడ్డరు. రెండు దిక్కుల్నూ తప్పు తనదన్నోడు ఒక్కడు లేడు." ఆ తర్వాత నా భుజం మీద తల వాల్చి మునగాల దాటేదాకా గురక పెట్టాడు. డ్రైవరు ఆ గురకను వెనకొచ్చే లారీ హారన్ అనుకుని రెండుసార్లు దారిచ్చాడు.

మిర్యాలగూడకు నేను వెళ్ళలేకపోయాను, కొట్లో పనుంది. ఆయన ఒక్కడే వెళ్ళాడు. మర్నాడు మోటారు తీసుకుపోవడానికి వచ్చి, అక్కడి జనం సంగతి చెప్పాడు. నేను ఆ వారం కాలమ్‌కు సరుకు దొరికిందని తీగ చుడుతూనే విన్నాను. నాకు కావలసింది దొరికాక తక్కింది చెవిన పడింది గానీ చేతికి రాలేదు.

ఆ సినిమాలో ఒక సీనుంది. హీరోకు ఒక అన్న ఉంటాడు, పెద్ద ఉద్యోగం. అతను లంచం తింటాడని తెలిసి, ముసలి తండ్రి ఆ కొడుకు ఇంట్లో వడ్డించిన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోతాడు. ఆ సీనులో బాల్కనీలో ఒక రైస్ మిల్లు సేటు ఏడ్చాడట. మామ చెప్పిన దాంట్లో నేను పట్టుకున్న ముక్క అది.

వరి పండించేవాడికి మిల్లు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట. మిర్యాలగూడ మిల్లుల దగ్గరికి కోత మిషన్ కిందినుంచి అట్లాగే పచ్చి వడ్లు తెస్తారు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. తూచేటప్పుడు తేమ అని, తాలు అని బస్తాకు కొంత తీసేస్తారు. దాని పేరు తరుగు. రైతు ముందు తరుగు అన్న మాట అంటే చాలు, పొద్దస్తమానం మాట్లాడతాడు. తరుగు తీసే సేటు, లంచం సినిమా చూసి ఏడవటం. హాస్యగాడికి ఇంతకంటే ఏం కావాలి? కాలమ్ చివర ఇలా ముగించాను:

"బాల్కనీలో పిస్తా రంగు సఫారీ వేసుకున్న సేటు వెక్కి వెక్కి ఏడ్చాడట. నేరేడుచర్ల దగ్గరి మా మీసాల మామ ఏమన్నాడంటే, తరుగు తీసిన చేతితోనే కండ్లు తుడుసుకున్నడు అల్లుడా, ఆ నీళ్ళల్ల గూడ తేమ ఎక్కువున్నదని బస్తాకింత కోసుకున్నట్టున్నడు, అని."

నా కాలమ్‌లు మామూలుగా మా ఆవిడా, ప్రూఫులు దిద్దేవాడూ చదువుతారు. ఇది మాత్రం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. కొనుగోలు కేంద్రాల గ్రూపులు, ట్రాక్టర్ల గ్రూపులు, ఆఖరికి గణపతి చందాల గ్రూపు కూడా వదల్లేదు. ఎవరెవరో ఫోన్ చేసి కడుపుబ్బ నవ్వామన్నారు. నేను ఆ వారం నేలమీద నడవలేదు, జానెడు పైన తేలుతూ కొట్టుకు వెళ్ళాను.

కోతలు మొదలయ్యాయి. ఒకరోజు మామ మేనల్లుడు వచ్చాడు, వాళ్ళ ట్రాక్టరు నడిపేవాడు. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"మస్తు రాసినవన్నా. మా ఊరంత చదివిన్రు."

నేను పొంగిపోయి స్టూలు ముందుకు జరిపాను.

"కూసోను. మా మామ వడ్లు మొలకొచ్చినయ్. గది చెప్పి పోదామని వచ్చిన. వచ్చే వారం గదిగూడ రాయి. జర నవ్వొచ్చేటట్టు రాయి."

అతను చెప్పిందాంట్లో నేను ఒక్క ముక్క పెంచను. ట్రాక్టరు వరుసలో నిలబెట్టుకుని, వంతు వచ్చాక, ఏళ్ళ తరబడి వడ్లు పోస్తున్న అదే సేటు మిల్లుకు వెళ్ళారు. గుమస్తా మీసాలు చూసి లోపలికి పరుగెత్తాడు. సేటే గేటు దగ్గరికి వచ్చాడట.

"ఏం పెద్దమనిషీ, నా కన్నీళ్ళకు గూడ తరుగు పెట్టినవంట. మా నాయిన దినానికొచ్చి, విస్తట్ల తిని, నా భుజం పట్టుకొని ధైర్యం చెప్పి పోయినోనివి. నేనెందుకేడ్సిన్నో నీకు తెల్వదా?"

మేనల్లుడు నా ముఖంలోకి చూశాడు. "వాళ్ళ నాయిన చచ్చిపోయి నెల గూడ కాలేదంట అప్పటికి. బండి పక్కకు తీయమన్నడు."

"మామ ఏమన్నాడు?"

"ఏమంటడు? నేను మొత్తుకున్న. చెప్పు మామా, ఆ మాట నువ్వనలేదని చెప్పు, అని. 'అల్లుడు అబద్ధం రాసిండని నలుగురిట్ల ఎట్ల చెప్పాలెరా' అన్నడు. తువ్వాల తీసి మొఖం తుడుసుకొని బండెక్కి కూసున్నడు. అగొ, అప్పుడే వాన మొదలైంది."

పచ్చి వడ్లు ట్రాక్టరు తొట్టిలో టార్పాలిన్ పట్టా కింద రెండు రోజులుంటే వేడెక్కుతాయి, రంగు మారతాయి, తర్వాత మొలకలేస్తాయి. ఇంకో మిల్లులో వంతు దొరకలేదు. చివరికి కోదాడ వైపు ఒక వ్యాపారి ఎంతకో అడిగితే, పోతే పోనిమ్మని ఇచ్చేశారు. పంటంతా ఆ బండిలో లేదు గానీ సగం ఉంది.

"ఒకటి చెప్పన్నా," అని వెళ్ళబోతూ ఆగాడు. "ఆ మాట ఆయన నిజంగ అన్నడా?"

చేతిలో తీగ ఉంది. దాన్ని ఇంకో చుట్టు చుట్టాను. ఆ మాట ఆయనది కాదు, నాది. పిస్తా రంగు సఫారీ కూడా నాదే. సేటు ముఖం నేను ఎన్నడూ చూడలేదు. చదివేవాళ్ళ కళ్ళకు కట్టాలని ఒక రంగు వేశాను. ఆ రంగు సఫారీ నిజంగానే ఆయన బీరువాలో ఉంటుందని, దాన్ని పట్టుకుని ఊరంతా ఆయన్ను గుర్తుపడుతుందని నాకేం తెలుసు?

ఆ పిల్లవాడు వెళ్ళగానే కొట్టు మూసి మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, అన్నీ విప్పి చెప్పాను. ఆ మాట నాది, ఆయనది కాదు, తిట్టదలచుకుంటే నన్ను తిట్టండి అన్నాను. సేటు అంతా విన్నాడు. తర్వాత నాకు చల్ల తెప్పించాడు. "మీరు రాసేటోళ్ళు, మేం తూచేటోళ్ళం. ఇద్దరికీ కొద్దిగ అటూ ఇటూ అలవాటే" అని నవ్వాడు. నా ఎదుటే మామకు ఫోన్ చేసి, "వచ్చే పంట ఇంకో గేటుకు తోలినవంటే ఊకోను" అన్నాడు. ఆ సాయంత్రం మామ నా కొట్టుకు వచ్చి, ఏమీ జరగనట్టు, కొత్త బొమ్మ ఏం వచ్చిందని అడిగాడు.

ఈ పై పేరా చదివి మీ మనసు కుదుటపడి ఉంటుంది. రాస్తున్నప్పుడు నాకూ కుదుటపడింది.

మీసాలు మునగాల దాకా లేవు, అది మీకు తెలుసు. గురకకు బస్సు దారివ్వలేదు. కోడి సంగతి నిజం. టీ బండి దగ్గరి మాటలు నిజం. నేను కల్పించింది మిర్యాలగూడ ప్రయాణం. బస్టాండు దాకా వెళ్ళిన మాట వాస్తవం. బస్సు వచ్చి నా ముందే ఆగింది. సేటు ఏమంటాడోనని ఒక భయం. పత్రికలో పరువు పోతుందని దానికంటే పెద్ద భయం. బస్సు వెళ్ళిపోయింది. బండి మీద చల్ల కొనుక్కుని తాగి ఇంటికి వచ్చాను. ఆ వారం కాలమ్ కోతుల మీద రాశాను, బాగుందన్నారు. మామ దగ్గరికీ వెళ్ళలేదు. ఆయన మళ్ళీ నా కొట్టుకు రాలేదు. మోటారు కాలితే కోదాడలో చుట్టించుకుంటున్నాడని ఎవరో చెప్పారు. మొన్న ఆ ఫ్లెక్సీ ముందు నిలబడినప్పుడు, కింద ఉన్న ఫోటోల్లో మేనల్లుడి ముఖం చూసి, ఇంటికి దారి కూడా అడగకుండా వచ్చిన పని మీద వెళ్ళిపోయాను.

సేటూ, ఈ పత్రిక మీ మిల్లు ఆఫీసుకు వస్తుందని తెలుసు. చదవకపోయినా ఎవరో ఫోటో తీసి పంపిస్తారు, ఆ పని మావాళ్ళు బాగా చేస్తారు. ఆయన ఆ మాట అన్నాడని మీరు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆయన బతికున్నప్పుడు చెప్పాల్సింది. ఆ రోజు మా కొట్లో మోటారు మీద చెయ్యి పెట్టి ఆయన అన్నది ఇది. నవ్వు రాలేదని నేను వదిలేసింది కూడా ఇదే.

"సేటు ఏడ్సిండు అల్లుడా. తండ్రి పోయి ఇంక నెల గాలే. తెర మీద ఆ ముసలాయన అన్నం ముందలకెల్లి లేవంగనే ఇగ ఆగలేకపోయిండు. అట్లాంటప్పుడు మనిషిని చూడొద్దు. నేను మొఖం తిప్పుకొని బొమ్మ దిక్కు చూసుకుంట కూసున్న."